ఏసుపాదం జాన

కమోడు కొనడం కూడా ఒక పనేనా అనుకున్నాడు స్టీఫెన్. అనుకున్నవాడికి దేవుడు వారం తిరక్కుండానే బుద్ధి చెప్పాడు.

కోదాడ పక్కనున్న చిలుకూరు బడిలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. భార్య జానమ్మకు సూర్యాపేట దవాఖానాలో మోకాలి ఆపరేషన్ అయింది. శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. ఎత్తు కమోడు ఉంటేనే సరి, లేకపోతే కుట్లు తెగుతాయని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లో ఉన్నది పొట్టిది, పైగా అడుగున పగిలి నీళ్ళు కారుతున్నాయి. మార్చక తప్పదు. కానీ జానమ్మ మంచం మీద నుంచే ఒక మెలిక పెట్టింది.

"కమోడు మార్సుకో, ఏమన్న జేస్కో. గచ్చు మీద మాత్రం సుత్తె పడొద్దు. పడ్డదంటే ఆ ఇంట్ల అడుగు పెట్ట. గ్రేస్ ఇంటికే పోత."

గ్రేస్ వాళ్ళ బిడ్డ, ఉండేది సూర్యాపేటలోనే. జానమ్మ అన్నదంటే అన్నంత పనీ చేస్తుంది. నలభై ఏళ్ళ కాపురంలో స్టీఫెన్‌కు ఇంకేం తెలిసినా తెలియకపోయినా అది మాత్రం తెలుసు.

ఆ గచ్చు పరిచింది జానమ్మ తమ్ముడు ఏసుపాదం. టైల్స్ మేస్త్రి. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ, ఎక్కడ పని చేసినా మిగిలిన పగులు ముక్కలు గోనెసంచిలో వేసుకొచ్చేవాడు. పన్నెండేళ్ళ కింద ఆ ముక్కలన్నీ ఏరి అక్క బాత్రూంలో పరిచాడు. నీలం ముక్కలు కోదాడలో ఒక డాక్టరు గారి వరండావి. ఎర్రవి సూర్యాపేట బట్టల దుకాణం మెట్లవి. ఆకుపచ్చవి మిర్యాలగూడ రైసుమిల్లు సేటు ఇంటివి. ఆ ఆకుపచ్చ టైలు కోస్తుంటేనే మిషను అతని కుడిచేతి చిటికెన వేలు సగం తినేసింది. "ఏలు పోతే పోయింది గాని అక్కా, రంగు సూడు ఎంత మంచిగున్నదో" అని కట్టుకట్టిన చేత్తోనే ముక్క ఎత్తి చూపించాడు, పిచ్చి మారాజు.

గచ్చు పూర్తయిన రోజు స్టీఫెన్ ఊరుకున్నాడా? "గిదేంది బామ్మర్దీ, గచ్చు పరిసినవా, బొంత కుట్టినవా?" అన్నాడు.

"బొంతే బావా. బొంతంత మంచిగ ఏ కొత్త దుప్పటుంటది?" అని పకపకా నవ్వాడు ఏసుపాదం.

నాలుగేళ్ళ కింద ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. సరైన ఫోటో కూడా ఒక్కటి లేదు. జానమ్మకు తమ్ముడు మిగిల్చి పోయింది ఆ గచ్చొక్కటే.

బుధవారం స్టీఫెన్ కోదాడలో కమోడ్లు అమ్మే షాపుకు వెళ్ళాడు. షాపాయన ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. "పైపు గోడలోకెళ్ళిద్దా, నేలలోకా?"

"నేలలకే."

"గోడకీ పైపు నడిమికీ ఎంతుంది బాబాయ్? నాలుగంగుళాలా, తొమ్మిదా, పన్నెండా? అది తెలీకుండా కొన్నారంటే ఇంటికెళ్ళాక నెత్తి కొట్టుకోవటమే."

స్టీఫెన్‌కు కొలత నోటికొచ్చు. ఏసుపాదం టేపు ముట్టుకునేవాడు కాదు, అతని టేపు అతని చెయ్యే. పైపు పాతినప్పుడు "గోడకు సరిగ్గ జానెడు ఇడిసిన బావా" అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. అదే చెప్పాడు.

"జానెడంటే తొమ్మిదే. లోకమంతా అంతే" అని షాపాయన తొమ్మిదంగుళాలది కట్టించి ఆటో ఎక్కించాడు.

మరునాడు ప్లంబరు పాండు వచ్చి పాతది పీకేశాడు. కొత్తది పెట్టి చూస్తే వెనక ట్యాంకు గోడకు కొట్టుకుంటోంది, కింద బొక్క మాత్రం పైపుకు అందలేదు.

"అంగుళం తేడా కొట్టింది పెద్దనాయనా. గింత గచ్చు పగలగొట్టి పైపు ముందుకు జరుపుత. రెండు గంటల్ల ఖతం" అని పాండు సుత్తె అందుకున్నాడు.

"సుత్తె కింద పెట్టు!" వీధిలోకి వినబడేలా అరిచాడు స్టీఫెన్.

పాండు బిత్తరపోయాడు. స్టీఫెన్ చతికిలబడి వంగి చూశాడు. పాత కమోడు ఉన్నచోట టైలు లేదు, ఉత్త సిమెంటే. ఆ సిమెంటులో రెండు చిన్న గుంతలు. గోడ మొదట్లో ఒకటి, బొటనవేలి ముద్ర. పైపు నడిమికి సూటిగా, పైపు అంచు పక్కన ఇంకొకటి, గోరు లేని మొండి ముద్ర. పచ్చి సిమెంటు మీద చెయ్యి చాపి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా జాన కొలిచిన గుర్తులవి. పాండు టేపు పెట్టాడు. ఎనిమిదంగుళాలు.

"అయ్యో, నా మతి మండ!" అని నెత్తి కొట్టుకున్నాడు స్టీఫెన్.

ఏసుపాదం అబద్ధం చెప్పలేదు. సగం వేలు పోయిన ఆ చేతికి జానంటే ఎనిమిదే. ఆనాడు మిర్యాలగూడలో బామ్మర్దిని చూడబోయి, నెత్తురోడుతున్న ఆ చేతికి తన తువ్వాలే చుట్టి దవాఖానాకు తీసుకుపోయింది ఎవరు? స్టీఫెనే. లోకం జాన గుర్తుంది గానీ బామ్మర్ది జాన గుర్తు లేకపోయింది. బతికున్నన్నాళ్ళు బొంత అని ఎక్కిరించాడే తప్ప, మంచిగ చేసినవురా అని ఒక్కనాడైనా అన్నాడా? గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎనిమిదికి పట్టేది ఉంటదారా పాండూ?"

"కోదాడల ఎనిమిదిది నేనైతే సూడలె. నాలుగంగుళాలది పెట్టొచ్చు. గోడకు ఆనకున్నా నిలబడ్తది, ఎనక నాలుగంగుళాల సందు పడ్తది. కాని ముందట జాగ తగ్గుతది. పెద్దమ్మకు వాకర్ పట్టాలె గద?"

స్టీఫెన్ వెంటనే గ్రేస్‌కు ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అమ్మ వాకర్ ఎంతున్నదో కొలువు. టేపుతోని కొలువు, చేత్తోని కాదు." కమోడు ముందు మిగిలే జాగాతో కొలతలు కలిశాయి. రెండువేళ్ళ సందు మిగిలింది, ఇక చాలు.

శుక్రవారం తొమ్మిదంగుళాలది వాపసిచ్చాడు. నాలుగంగుళాలది ఎత్తుది కోదాడలో దొరకలేదు. షాపాయనే పాపం అక్కడికీ ఇక్కడికీ ఫోన్లు చేస్తే మిర్యాలగూడలో ఒకటి తేలింది. స్టీఫెన్ అక్కడికి పోయి, ట్రాలీ ఆటోలో దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చాడు. చీకటి పడకముందే పాండు బిగించాడు. చిటికెన వేలి ముద్ర కమోడు కిందికి పోయింది. గోడ పక్కనున్న బొటనవేలి ముద్ర మాత్రం వెనక సందులో బయటే ఉండిపోయింది.

శనివారం జానమ్మ వాకర్ పట్టుకుని వస్తూనే, మంచమైనా చూడకుండా బాత్రూం గుమ్మంలో నిలబడింది. నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ముక్క ముక్కా కళ్ళతో లెక్క చూసుకుంది. తర్వాత చూపు వెనక్కి పోయింది.

"అగో, గా సందేంది? ఎలుకలు కాపురం పెట్టనీకా?"

స్టీఫెన్ ఫోన్ లైటు వేసి సందులోకి చూపించాడు. "మీ తమ్ముని బొటనేలు. జాన కొలుసుకున్నడు. చిటికెనేలుది కమోడు కిందున్నది."

జానమ్మ వంగబోయింది, మోకాలు వంగనివ్వలేదు. "నాకైతలేదు. నువ్వు పెట్టు" అంది.

స్టీఫెన్ మోకాళ్ళ మీద కూర్చుని, సందులోకి చెయ్యి దూర్చి, ఆ గుంతలో తన బొటనవేలు పెట్టాడు.

"సరిపోయిందా?"

"సరిపోయింది." గుంతలోంచి వేలు తియ్యకుండానే అన్నాడు. "మస్తు మంచిగ చేసిండే మీ తమ్ముడు. నేనే ఒక్కనాడు అనలే."

జానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇగ లేసి బయటికి పో. సూర్యాపేట కాడి నుంచి ఆపుకున్న."

తలుపు మూసుకుంది. లోపల తమ్ముడి పేరు పెట్టి ఆమె ఏదో గొణుక్కోవడం వినబడుతోంది. బయట నిలబడ్డ స్టీఫెన్ తన కుడిచేతి చిటికెన వేలు సగానికి ముడిచి, గోడ మీద జాన పెట్టి చూసుకున్నాడు.