జానెడు పైపు

తిండి గంట ఇంకా కొట్టలేదు. సూపర్‌వైజరు వచ్చి మరదలి బల్ల మీద రెండుసార్లు తట్టి, ఆఫీసు గదివైపు చెయ్యి చూపించాడు. చేతిలో ఉన్న టేపు చుట్టని కింద పెట్టాలని కూడా తోచక, ఆమె దాన్ని పట్టుకునే నడిచింది.

కార్లలో అమర్చే వైర్లను కట్టలు కట్టే ఫ్యాక్టరీ అది. నలభై ఎనిమిది మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, ముందుకు కదిలివచ్చే పలకల మీద వైర్లు పరిచి, నల్ల టేపు చుట్టి పంపిస్తుంటారు. ఆమె పక్క బల్ల ఆమె అన్న భార్యది. అందుకని లైన్లో అందరికీ వాళ్ళిద్దరూ వదినా మరదళ్ళే. అసలు పేర్లు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. వదినది ఎడంచేతి వాటం, ఆమె చుట్టు అందరికీ ఎదురు దిక్కున తిరుగుతుంది. అందరి టేపూ అత్తింటివైపు పోతే వదిన టేపు పుట్టింటివైపు పోతుందని లైన్లో నవ్వుకునేవాళ్ళు.

ఆఫీసు గదిలో క్వాలిటీ ఆఫీసరు బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద కాలిన వైర్ల కట్ట ఒకటి. పక్కన ఒక ఫోటో. రోడ్డు మధ్యలో కారు అస్థిపంజరం నిలబడి ఉంది, సీటు స్ప్రింగుల నడుమ నల్లబడిన స్టీలు క్యారియరు. ఆఫీసరు జరిగింది చెప్పాడు. అది టాక్సీ. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా లోపల పొగ లేచింది. తలుపుల తాళాలకి కరెంటు అందేదీ ఈ కట్టలోంచే కనక తలుపులు తెరుచుకోలేదు. డ్రైవరు మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. నిన్న వాన పడిందని చెప్పినట్టు చెప్పాడు ఆయన.

ఇంజనుకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఇనుప రేకు ఉంటుంది. అందులోని కంతలోంచి ఈ కట్ట లోపలికి వస్తుంది. రేకు అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి ఆ చోట జానెడు పొడవు ముడతల పైపు తొడగాలి. లేకపోతే బండి కుదుపులకి టేపు అరిగి, రాగి తీగ ఇనుముకి తగిలి నిప్పు పుడుతుంది. ఈ కట్టకి పైపు లేదు. చివరనున్న స్టిక్కరు మాత్రం చెక్కు చెదరలేదు. దాని మీద నలభై రెండు అని ఉంది. అది మరదలి నంబరు.

ఆమె మాత్రం స్టిక్కరుని చూడటం లేదు. స్టిక్కరు పక్కన కాలకుండా మిగిలిన బెత్తెడు టేపుని చూస్తోంది. అది పుట్టింటివైపు చుట్టి ఉంది.

పని వేళలో రెండేసార్లు, ఏడేసి నిమిషాలు బయటికి పోనిస్తారు. మూడోసారి వెళితే నంబరు తప్పుల బోర్డుకెక్కుతుంది. అందుకని ఒకరికి ఒంట్లో బాగా లేకపోతే పక్కవాళ్ళు రెండు పలకలూ చూసుకుని, లేనిదాని నంబరు అంటించి లెక్క తగ్గకుండా కాస్తారు. ఆ పద్ధతికి వాళ్ళు పెట్టుకున్న పేరు చేబదులు. నీళ్ళు తాగకుండా పనిచేసి చేసి మరదలికి మూత్రంలో మంట పట్టుకున్న రోజుల్లో, జ్వరంతో అట్టపెట్టెల వెనక ముడుచుకుని పడుకున్నప్పుడు, వదిన ఆమెకి చేబదులిచ్చింది.

"నంబరు నీదే కదమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"నాదేనండి."

"చుట్టింది నువ్వు కాకపోతే ఎవరో చెప్పు, వాళ్ళని పిలుస్తాను. ఒకరి నంబరు ఇంకొకరు వేస్తే ఉద్యోగం ఉండదు. నీకు తెలియంది కాదు."

"పైపులు ఇవ్వట్లేదు కదండీ. మూడు నెలలైంది. రెండు చుట్లు ఎక్కువ వెయ్యమన్నారు."

"అలా అని కాగితం ఏమన్నా ఇచ్చారా నీకు?"

ఎవరూ ఇవ్వలేదు. సూపర్‌వైజరు ఒకరోజు పొద్దున నోటితో చెప్పిపోయిన మాట అది. పైపు ముక్క ఖరీదు సగం టీ చెయ్యదు. రోజుకి ఆరువందల కట్టలు. ఆ మిగిలిన టీలన్నీ ఎవరు తాగారో లైన్లో ఎవరికీ తెలియదు.

కాగితం ఆయన దగ్గరే సిద్ధంగా ఉంది. నేను పైపు తొడగడం మరచిపోయాను, ఇకపై మరచిపోనని హామీ ఇస్తున్నాను అని రెండే వాక్యాలు. సంతకం పెడితే వారం జీతం కోత, ఉద్యోగం ఉంటుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. కంపెనీ నిప్పుకి బదులు ఒక సంతకం అడిగింది, అంతే తేడా.

బరువులెత్తుతూ నడుం విరిగిన అన్న కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. వాళ్ళ రెండు గదుల అద్దె మరదలి కూలి, ముగ్గురి తిండి వదిన ఎడంచెయ్యి. ఎవరి పేరు చెప్పాలి? ఆమె సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ ఆమెకి ఆ డ్రైవరు భార్యే కళ్ళముందు ఉంది. ఎవరో ఒకరు ఈ కాగితం ఆమెకి చదివి వినిపిస్తారు. ఎవతో మతిమరుపు ముండ తన మొగుణ్ణి కాల్చేసిందని ఆ మనిషి బతికినన్నాళ్ళూ తిట్టుకుంటుంది. సిగ్గుతో మరదలి చెవులు మండాయి.

ఆమె తిరిగొచ్చేసరికి తిండి వేళ అయిపోయి లైను మళ్ళీ నడుస్తోంది. వదిన ఆమె డబ్బా ఆమె బల్ల కింద పెట్టి ఉంచింది. ఏమైందని కళ్ళతోనే అడిగింది. మరదలు తల ఎత్తకుండా అంతా చెప్పింది. టేపు ఎటు తిరిగి ఉందో అదొక్కటే చెప్పలేదు. ఎడంచేతి మనిషికి అది చెప్పాలా?

"నా చేతిదా?" అంది వదిన.

"మన లైనుది వదినా."

వదిన తన పలకవైపు తిరిగింది.

పలక వచ్చి మరదలి ముందు ఆగింది. వైర్లు పరిచింది, ముడి వేసింది, సగం దాకా టేపు చుట్టింది. రేకు కంత గుర్తు దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోయింది. ధైర్యం వచ్చి కాదు. ధైర్యమే ఉంటే ఆ గదిలోనే వచ్చి ఉండేది. చెయ్యి కదలలేదు, అంతే. వెనక పలకలు ఒకదానికొకటి ఆనుకుని ఆగాయి, లైను ఆగిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది, సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"పైపు ఇవ్వండి," అంది.

"ఏ పైపు?"

"నేను మర్చిపోయిన పైపు. ఇకమీద మర్చిపోనని ఇప్పుడే రాసిచ్చాను. ఇస్తే తొడుగుతాను."

అతను మొదట నవ్వాడు. తర్వాత బతిమాలాడు. అతని పైన కూడా ఒక బోర్డు ఉంది, దాని మీద అతని నంబరూ ఉంది. చివరికి ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీయించి, వాకిలివైపు చూపించాడు. నీలాంటివాళ్ళు గేటు బయట వందమంది ఉన్నారన్నాడు. అది అబద్ధం కాదు. ఆ వందమందినీ ఆమె రోజూ దాటుకునే లోపలికి వస్తుంది.

"నువ్వు ఈ బల్ల దగ్గరికి రా," అన్నాడు వదినతో.

వదిన వచ్చి నిలబడింది. మరదలు ఆమె మొహం చూడలేదు. తిండి డబ్బా తీసుకుని నడిచింది. వదినని తనతో రమ్మన్నా తప్పు, వద్దన్నా తప్పు. ఇంట్లో అన్న ఉన్నాడు, పొయ్యి ఉంది.

లైను మొత్తం ఆగి ఉండటంతో షెడ్డు అంతా నిశ్శబ్దంగా ఉంది. ఆమె వాకిలి దాకా వచ్చేసరికి వెనక టేపు లాగిన చప్పుడు చర్రుమని వినిపించింది. ఒక చుట్టు. రెండో చుట్టు. ఆ చప్పుడు ఎవరిదో ఆమె చూడకుండానే చెప్పగలదు.

మూడో చుట్టు సగంలో చప్పుడు ఆగింది. టేపు అయిపోయిందో, చెయ్యే ఆగిందో తెలియలేదు. వాకిట్లో డబ్బా పట్టుకుని మరదలు అలాగే నిలబడింది. ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.