పదమూడు రోజుల తేడా

మా రేవులో అమెరికా కాన్సల్ కచేరీలో పదకొండేళ్లు గుమాస్తాగా, దుబాసీగా పనిచేశాను. నా పేరు థ్రసీవులోస్. మా గ్రీకుల్లో ఇంగ్లీషు నా అంత గుండ్రంగా రాసేవాడు లేడని గొప్పలు పోయేవాణ్ణి. తగలెయ్యాలి ఆ గొప్పని.

కచేరీలో రెండు కేలండర్లు ఉండేవి. గోడ మీద కాన్సల్ దొరది, నా బల్ల మీద మా చర్చిది. మాది పదమూడు రోజులు వెనక. ఓడల కాగితాల మీద రెండు తేదీలూ వెయ్యడం నా పనే. నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పేవాణ్ణి కాదు.

1912 సెప్టెంబరు. గోడ కేలండరు ఇరవై ఐదు చూపిస్తున్న బుధవారం నాడు పనాగోస్ వచ్చాడు. షికాగోలో పద్నాలుగేళ్లుండి అమెరికా పౌరుడైనవాడు. తల్లి కనెల్లా తుంటి విరిగిందని వచ్చి, ద్రాక్షతోట పనుల్లో పడి ఉండిపోయాడు. పెళ్లాం, పిల్లా అక్కడే ఉన్నారు. యుద్ధం వస్తుందని ఊరంతా గుసగుసలు. పుట్టిన దేశంలో రెండేళ్లు దాటితే అమెరికా పౌరసత్వం పోయినట్టే లెక్క. ఆలోగా కచేరీలో పేరు రాయించుకుంటే, మా సైన్యం పట్టుకుపోయినా కాన్సల్ ఉత్తరం రాసి విడిపిస్తాడు.

ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. పనాగోస్ ఓడ దిగిన తేదీ మా రేవు అధికారి ఇచ్చిన కాగితం మీద 1910 సెప్టెంబరు ఇరవై అని ఉంది. తలెత్తి గోడకేసి చూశాను. రెండేళ్లు దాటి ఐదు రోజులైందన్నాను.

“అదేంటన్నా, సిలువ పండగ ఎల్లుండి కదా. నేను దిగింది పండగైన ఆరోనాడు,” అన్నాడు.

“దొర పండగలు చూడడు, కాగితం చూస్తాడు,” అని కసిరాను.

దొర నా లెక్క నమ్మి తల అడ్డంగా ఊపాడు. పనాగోస్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎండుద్రాక్ష ఓడ కాగితం మీద రెండు తేదీలు వేస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. రేవు కాగితంలో ఇరవై మన చర్చి లెక్కలో ఇరవై! దొర లెక్కలో అది అక్టోబరు మూడు. అతనికి ఇంకా ఎనిమిది రోజుల గడువుంది.

దొర పక్కగదిలోనే ఉన్నాడు. లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. కానీ నన్ను ఉప కాన్సల్‌ని చెయ్యమని ఆయన రాసిన సిఫారసు ఉత్తరం శనివారం ఓడకి వెళ్లాలి. అది వెళ్లిపోనీ, సోమవారం చెబుదాం, ఎనిమిది రోజులున్నాయిగా అనుకున్నాను. ఛీ, నా బతుకు.

సోమవారం పొద్దున్నే చర్చి గంటలు మోగాయి. సైన్యంలోకి పిలుపు వచ్చింది. మధ్యాహ్నం రైల్లో పనాగోస్‌ని తీసుకుపోయారు. అప్పుడైనా చెప్పొచ్చు, ఇంకా గడువుంది. ఇన్నాళ్లు ఎందుకు దాచావంటాడని భయపడి నోరు మూసుకున్నాను.

సిఫారసు ఫలించింది. పనాగోస్ ఉత్తరాన యుద్ధంలో పోయాడు.

నలభయ్యోనాడు ముసలి కనెల్లా చేతికర్ర ఊతంతో కచేరీ మెట్లెక్కి వచ్చింది. చేతిలో పోయినవాళ్ల పేరిట పంచే ఉడికించిన గోధుమలు, పైన పంచదార.

“తిను నాయనా. వేళ మించిపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు?” అంది.

నోట్లో వేసుకున్నాను.

ఆమె చేతిరుమాలు ముడిలోంచి సైన్యంవాళ్ల కాగితం తీసింది. పోయిన రోజు అక్టోబరు ఇరవై. షికాగోలో ఉన్న కోడలు ఐరిష్ పిల్ల. ఏటా ఆ రోజున తమ చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తానని రాసిందట.

“మనకి ఇరవై అంటే వాళ్లకి ఎన్నో తేదీ? ఆ లెక్క ఊళ్లో నీకే బాగా తెలుసంటారు. తప్పు పోకుండా రాసిపెట్టు బాబూ.”

‘అమ్మా, నేనే’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్కగది తలుపు తీసే ఉంది. దొర దగ్గడం వినిపించింది.

కలం తీసి నవంబరు రెండు అని రాశాను. వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.

కనెల్లా నా చెయ్యి అందుకుని ముద్దుపెట్టుకుంది. నేను పెట్టుకోనిచ్చాను.