నూకరత్నం గుండెలో స్ప్రింగు

నేను ఒక స్ప్రింగును. సైకిలు సీటు కిందిదాన్ని కాను, నూకరత్నం గుండె కండలోని ప్రోటీనును. చదువుకున్నవాళ్లు టైటిన్ అంటారు. ఒకే అచ్చులో పోసినట్టున్న మడతలు వందలకొద్దీ వరుసగా కలిస్తే నేను. గుండె నిండి కండ సాగినప్పుడు కాస్త విప్పుకుంటాను, వదిలితే మళ్లీ ముడుచుకుంటాను. మడతలన్నీ ఒకేలా ఎందుకంటారా? వలలో ముడులన్నీ ఒకేలా ఎందుకుంటాయో ఆమె మొగుడు పోలారావునడగండి. బరువు అందరూ పంచుకోవాలి మరి. మనుషులు గుండె మీద పాటలు కడతారు గానీ, దాన్ని లాగిపట్టే మమ్మల్ని తలచుకున్న పాపాన పోలేదు.

నన్ను అల్లింది కణంలోని నేతగాడు. అతని దగ్గర నా నమూనాలు రెండు. తల్లి ఇచ్చింది మంచిది, తండ్రి ఇచ్చింది మధ్యలో తెగింది. తెగినదాన్ని చూసి అల్లినవి పొట్టివై, మేం పట్టుకోవలసిన అవతలి కొసను అందుకోలేవు. ఇన్నాళ్లూ మిగతావాళ్లం ఎలాగో నెట్టుకొచ్చాం. కాన్పు భారం వచ్చాక మా వల్ల కాలేదు.

నూకరత్నం కాళ్లు పొంగాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. తల్లి కాసులమ్మ మాత్రం బెంగపడలేదు.

"బాలింతన్నాక కాళ్లు పొంగవేటే? పత్తెం తప్పకు, అయ్యే తగ్గుతాయి" అంది.

పాలు పడాలని ఎండు సొరచేప పులుసు పూటపూటా పెట్టింది. ఆ ఉప్పుకు ఒంట్లో నీరు ఇంకా చేరింది. ప్రేమతోనే పెట్టింది, ఆ ప్రేమకే నాకు ఏడుపొచ్చింది.

చేపల వేట నుంచి వచ్చిన పోలారావు చూడబోయేసరికి ఆమె గోడకు చేరగిలి కూర్చుని ఉంది. కాసేపు నడుం వాల్చమన్నాడు.

"పడుకుంటే మునిగిపోతన్నట్టు ఉంటంది" అంది.

సముద్రంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడికి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు. అత్త వద్దంటున్నా ఆటో పిలిచాడు.

గుండె బాగా సాగిపోయిందంది డాక్టరమ్మ. మందులు మొదలుపెట్టింది గానీ, తట్టుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. ఆసుపత్రి వరండాలో కాసులమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని, "నా సేతుల్తోనే పెట్టినానురా" అని ఆ ఒక్క మాటే అంటోంది.

ఇక నా పని అయిపోయింది. విప్పుకున్న మడతలు ముడుచుకోవడం లేదు. కణంలో పాతసామాను కత్తిరించే చోటికి నన్ను ఈడ్చుకుపోతున్నారు. నాలోని అమైనో ఆమ్లాలను దండలోని పూసల్లా విడదీసి మళ్లీ నేతగాడికే ఇస్తారు. పూసలు మంచివే. కానీ అతను మంచీ చెడ్డా చూడడు, చేతికందిన నమూనా అల్లుకుపోతాడు.

నాయనా నేతగాడా, ఈసారి తెగిన నమూనా తీయకు. బయట బిడ్డ పాలకు ఏడుస్తోంది. లోపల తల్లి ఇంకా కూర్చునే ఉంది.