దారికి అవతలి డబ్బా

పిండి ముద్దను బల్లమీద దబ్బున వేసి, రెండు అరచేతులతో అణిచింది ఆర్డిస్. బడిలో బీన్సు, మాంసం కలిపి చిల్లీ వండే రోజున దాల్చినచెక్క రొట్టెచుట్టలు కూడా పడకపోతే నెబ్రాస్కా పిల్లలు ఊరుకోరు. మోచేతుల దాకా పిండి, ముంజేతులమీద పొయ్యి దగ్గర కాలిన పాత మచ్చలు, నెరిసిన జుట్టు మీద జారిపోతున్న వలటోపీ. ఆవిడ కోపమంతా పిండిమీద చూపిస్తోందని పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న లవోన్‌కు అర్థమైపోయింది.

"మళ్ళీ కాలేజీవాళ్ళేనా?"

"నేను కాన్సస్ మనిషినట. పొరుగు రాష్ట్రం ఫీజు కట్టాలట, మూడింతలు. సాయంత్రంలోగా తేలకపోతే నర్సు క్లాసులో నా చోటు ఇంకొకళ్ళకిచ్చేస్తారు."

"పుట్టిందగ్గర్నుంచీ ఇక్కడే పడి ఏడుస్తున్నావు కదే!"

"ఏడుపు లెక్కలోకి రాదంట. ఉత్తరాలు ఎక్కడికొస్తాయో అదే లెక్కంట."

ఆర్డిస్ ఇంటిముందు మట్టిదారే రెండు రాష్ట్రాలకూ హద్దు. ఇల్లు ఇటు నెబ్రాస్కాలో, ఉత్తరాల డబ్బా అటు కాన్సస్‌లో. టపా బండి ఆ వైపునే పోతుంది కనుక ఇటువైపు ఇళ్ళన్నిటి డబ్బాలూ దారికి అవతలే పాతారు. కాలేజీ దరఖాస్తులో చిరునామా అడిగితే, ఆ దారి జనమంతా రాసినట్టే ఆవిడా డబ్బా చిరునామాయే రాసింది. ఇంటి చిరునామా రాస్తే ఏ ఉత్తరమూ రాదు మరి. ఇంటిపన్ను రసీదు, ఓటరు కార్డు చూపించినా కాలేజీ కంప్యూటరు మాత్రం కాన్సస్ అనే పాటే పాడుతోంది. దానికి బుద్ధి లేదు సరే, దాని ముందు కూర్చున్నవాళ్ళ బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోయిందో!

మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి ఇంటికి వెళ్ళింది. ఏప్రన్ కూడా విప్పకుండా దారి దాటి, తుప్పుపట్టిన మరలు ఊడదీసి, డబ్బాను చంకనెత్తుకుంది. కొయ్య గుంజ ఒంటరిగా నిలబడిపోయింది.

కాలేజీలో ఫీజుల కౌంటరు దగ్గర కోల్బీ అనే కుర్రగుమాస్తా ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"మేడమ్, నేను చెప్పాను కదండీ. ఈ రాష్ట్రంలో టపా చిరునామా లేకపోతే కంప్యూటరు తీసుకోదు."

ఆర్డిస్ డబ్బాను ధన్‌మని కౌంటరు మీద పెట్టింది. వెనక వరసలో నిలబడ్డ పిల్లలు నవ్వారు.

"ఈ బిల్డింగు నెబ్రాస్కాలోనే ఉందా నాయనా?"

"ఉందండీ."

"అయితే నా డబ్బా ఇప్పుడు నెబ్రాస్కాలో ఉంది. కాలేజీ చిరునామా కొట్టు. సోమవారం క్లాసుకొచ్చినప్పుడు నా ఉత్తరాలు నేనే తీసుకెళ్తా."

కోల్బీ డబ్బా వైపు చూశాడు. దాని ఒక పక్క మీద తెల్లరంగుతో వంకరగా రాసిన పేరు చదివాడు.

"ఓరిన్ ఎవరండీ?"

"మా ఆయన. ఆ రాత ఆయనదే."

"ఈ వయసులో నర్సు చదువు ఎందుకండీ? ఏమీ అనుకోకండి."

ఆవిడ ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంది.

"మొన్న చలికాలంలో గుండె పట్టేసిందన్నాడు. మంచులో అంబులెన్సు ఎప్పటికొస్తుందో తెలీదు. ఏం చెయ్యాలో తెలీక కాఫీ కలిపిచ్చా. అది చల్లారకముందే పోయాడు. మా దారిలో ఇంకో ఆడది అలా చేతగానిదానిలా కప్పు పట్టుకుని నిలబడకూడదు. అందుకు."

కోల్బీ తల వంచుకుని, పాత చిరునామా చెరిపి, కాలేజీ వీధి పేరు కొట్టాడు. పొరుగు ఫీజు వరస తెరమీంచి తప్పుకుంది.

"మా పై అధికారి ఒప్పుకోకపోతే?"

"ఉత్తరం రాయమను. డబ్బా ఇక్కడే ఉందిగా."

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. కౌంటరు మీద, ఏప్రన్ మీది పిండి అంటిన డబ్బాకు, లోపల తీసుకోవలసినదేదో ఉందని టపావాడికి చెప్పే ఎర్రజెండా లేచే ఉంది. కోల్బీ డబ్బా తలుపు తీసి చూస్తే, కాగితంలో చుట్టిన దాల్చినచెక్క రొట్టెచుట్ట, ఇంకా మెత్తగానే.