మోగని నలభై రెండు నిమిషాలు

నేను ఒక ఇనుప ముక్కను. మూరెడు పొడవు, ఒక చివర బెజ్జం, ఆ బెజ్జంలో తీగ. అందరూ నన్ను గంట అంటారు గానీ, గంటకుండే గుండ్రని ఒళ్లూ లేదు, లోపల నాలుకా లేదు. ఎవరైనా కొడితేనే పలుకుతాను. మనుషుల్లోనూ అలాంటివాళ్లు చాలామంది ఉన్నారని తర్వాత తెలిసింది కాబట్టి, ఆ సంగతికి సిగ్గుపడటం మానేశాను.

పుట్టింది కొలిమిలో. పెరిగింది గుంతకల్లు దాటాక నల్లరేగడి చేల మధ్య, రైలు పట్టాగా. ముప్పై ఏళ్లు వెల్లకిలా పడుకుని ఆకాశం చూశాను. రైలు రాకముందే దాని రాక నా ఒంట్లోకి వచ్చేది. ముందు సన్నని వణుకు, తర్వాత వెచ్చదనం, ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు నా మీదుగా దొర్లిపోయేవి. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ వణుకే. నాకు కళ్లు లేవు, అయినా మూసుకుంటాను. అరిగిపోయానని ఒకనాడు గ్యాసు మంటతో ముక్కలు కోసి, పాత ఇనుము షావుకారుకు తూకానికి అమ్మేశారు.

అతని దగ్గర నన్ను కొన్నది ఊరి బయట గుట్ట మీద కొత్తగా కడుతున్న విశ్వవిద్యాలయం. కొన్నది అనకూడదేమో. పెద్దాఫీసుకు ఇత్తడి గంట ఒకటి మంజూరైంది. డబ్బు ఇత్తడికే ఇచ్చారు, బిల్లు ఇత్తడికే వచ్చింది, సంతకాలు ఇత్తడి మీదే పడ్డాయి. తీరా వసారాలో వేలాడింది నేను. స్టాకు రిజిస్టరులో నేను ఈనాటికీ ఇత్తడి గంటనే. చదువుకున్నవాళ్లు రాసిన రాత. కాదనడానికి నేనెవరిని?

నన్ను కొట్టే మనిషి ఓబులేసు, కాంట్రాక్టు అటెండరు. ఆరో తరగతిలో పదకొండు రూపాయల స్పెషల్ ఫీజు కట్టలేక బడి మానుకున్నవాడు. చదువంటే అతనికి మంట, చదువుకుని కుర్చీలెక్కినవాళ్లంటే ఇంకా మంట. పిల్లల మీద మాత్రం ఆ మంట లేదు. ఇరవై రెండేళ్లు ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా కొట్టాడు. వాచీ చూసుకుని, చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలుతో నా దుమ్ము దులిపి, అప్పుడు కడ్డీ ఎత్తేవాడు. ఎన్నో పీరియడైతే అన్ని దెబ్బలు. సాయంత్రం నాలుగింటికి లాంగ్‌బెల్లు. దాన్ని నడుమ కొట్టేవాడు కాదు, అంచున కొట్టేవాడు. అంచున కొడితే నాలో రైలు పరుగెత్తినట్టుండేది.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ఆఫీసులో నాలుగు గడియారాలు నాలుగు రకాల టైము చూపించేవి. ఎందుకొచ్చిన గొడవని మొదటి రిజిస్ట్రారు ఒక కాగితం తీశాడు. ఏ కౌంటరైనా లాంగ్‌బెల్లు మోగాకే మూయాలి, మోగాక తెరవకూడదు. ఆ కాగితాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఫీజుకు ఆఖరి రోజున పిల్లలు కొండ ఎక్కుతూ, గంట కొట్టారా అని ఒకర్నొకరు అడుగుతూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. గడియారాన్ని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

తర్వాత ఆ జబ్బు వచ్చింది. వారం తిరిగేసరికి గుట్ట ఖాళీ. హాస్టళ్లకు తాళాలు, లైబ్రరీకి తాళం, ల్యాబులో మైక్రోస్కోపుల మీద ముసుగులు, ముసుగుల మీద బల్లులు. గంట ఆపమని మాత్రం ఎవరూ కాగితం ఇవ్వలేదు. ఓబులేసు రోజూ సైకిల్ మీద వచ్చి, ఎవరూ లేని చోట, ఎవరూ పోని క్లాసులకు నన్ను కొట్టేవాడు. నా మోతకు గుట్ట వెనక నుంచి నెమళ్లు పలికేవి. తెరిచిన కిటికీల్లోంచి వేపపూత గాలికి కొట్టుకొచ్చి బెంచీల మీద వరసగా కూర్చునేది. మధ్యాహ్నం మూడో పీరియడులో ఒక మేక మెల్లగా గదిలోకి పోయి, బోర్డు ముందు నిలబడి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నమిలేది. ఆ రోజులు నాకు కలలాగే ఉంటాయి. కలలో కూడా నేను టైముకే మోగాను.

పిల్లలకు పాఠాలు ఫోన్లలో వెళ్లాయి. ఫీజు నోటీసు మాత్రం ఎప్పటిలా గోడకే అంటింది. ట్యూషన్ ఫీజు, తాళం వేసిన లైబ్రరీకి ఫీజు, బల్లుల ల్యాబుకు ఫీజు, గడ్డి మొలిచిన గ్రౌండుకు ఆటల ఫీజు, ప్రాంగణ నిర్వహణ ఫీజు. ఆ ఆఖరిదాంట్లో నా వాటా కూడా ఉందట. ఎక్కడో మిద్దెల మీద, నీళ్ల ట్యాంకుల పక్కన సిగ్నల్ వెతుక్కుంటున్న పిల్లలు నా మోతకు డబ్బు కడుతున్నారన్నమాట. మొత్తం పద్దెనిమిది వేల నాలుగు వందలు. కౌంటరులో నగదే కట్టాలి. గడువు దాటితే పేరు కొట్టేస్తారు. మళ్లీ ఎక్కించుకోవాలంటే ఇంకో ఐదు వేలు.

ఆఖరి రోజు మూడున్నరకు వసారాలో ఫోను మోగింది. ఓబులేసు ఎత్తాడు. అవతల మాబున్ని, ఎమ్మెస్సీ బాటనీ పిల్ల. వాళ్ల నాయన హుసేనప్ప పరుపులు కుట్టేవాడు. ఇంటింటికీ పోయి పాత పరుపు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చే పని. జబ్బు రోజుల్లో ఇంకొకరి చేతిని తమ పడకలోకి ఎవరు రానిస్తారు? ఏడాదిగా అతన్ని పిలిచిన ఇల్లు లేదు. దూది ఏకే మిషను అమ్మి ఫీజు డబ్బు చేశాడు. బస్సుల్లేక తండ్రీ కూతురూ మోపెడ్ మీద బయల్దేరారు.

“అన్నా, క్వారీ కాడ టైరు పేలిపాయె. నడిచి వస్తాండాం. నాలుగ్గంటలకి అందుకోలేమన్నా” అంది.

ఓబులేసు పోయి ఫీజు కౌంటరు సూపరింటెండెంటు కేశవమూర్తికి చెప్పాడు. కాసేపు ఆగమని అడిగాడు. అడగడం అతనికి అలవాటు లేని పని, మాటలు గరగరలాడాయి. కేశవమూర్తి లెక్క పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

“నాదేముందప్పా. గంట కొట్టిందాకా కూర్చుంటా. కొట్టినాక బ్రహ్మదేవుడొచ్చినా తెరిచేదిల్యా.”

ఆ మనిషి రూలు చెప్పాడంతే. ఓబులేసు మాత్రం ఆ మాటను నోట్లో వేసుకుని నములుతూ వచ్చి నా కింద కూర్చున్నాడు.

నాలుగైంది. అతను వాచీ చూసుకున్నాడు. చెప్పులు విడిచాడు. తువ్వాలు తీశాడు. నేను దెబ్బకు ఒళ్లు బిగించాను. తువ్వాలు నా మీదికి రాలేదు, అతని ఒళ్లో ఉన్న కడ్డీ మీద పరుచుకుంది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నాలుగు దాటినా నేను మోగలేదు. గుట్ట వెనక నెమళ్లు కాసేపు ఎదురుచూసి, తమలో తాము ఒకసారి పలుక్కుని ఊరుకున్నాయి. ఎండ అక్కడే నిలబడిపోయింది. ఆ రోజు కాలమే నా కోసం ఆగినట్టు అనిపించింది నాకు. ఇనుము కూడా గర్వపడుతుంది మరి.

పావుగంటకు కేశవమూర్తి మాస్కు గడ్డం కిందికి లాక్కుని వసారాలోకి వచ్చాడు. గంట ఏమైందని అడిగాడు. కడ్డీ కనపడలేదన్నాడు ఓబులేసు. తువ్వాలు అంచు కింద కడ్డీ కొస జానెడు బయటికే ఉంది. కేశవమూర్తి దాన్ని చూశాడు. చూసి, నన్ను చూశాడు.

“సరే, ఎతుకు. దొరికినాక కొట్టు” అని లోపలికి పోయాడు.

నాలుగున్నరకు వాళ్లు మెట్లెక్కారు. హుసేనప్ప చంకలో చిన్న దిండు ఉంది. దారిలో పోలీసులు ఆపితే డబ్బు గురించి అడుగుతారని నోట్లు దూదిలో పెట్టి కుట్టేశాడట. కౌంటరు ముందు నిలబడి కుట్టును పళ్లతో కొరికి విప్పాడు. నోట్లు వచ్చాయి, వాటితోపాటు దూదీ వచ్చింది. ఫ్యాను గాలికి తెల్లగా లేచి, వసారా అంతా మెల్లగా తేలి, నా ఒంటికీ అంటుకుంది. ఒక పింజ కేశవమూర్తి మీసం మీద వాలింది. అతను దులుపుకోకుండానే లెక్కపెట్టాడు. పద్దెనిమిది వేల నాలుగు వందలు, పైన రూపాయి లేదు. రసీదు మీద ముద్ర పడిన చప్పుడు విని ఓబులేసు లేచాడు. అప్పటికి నాలుగూ నలభై రెండు. దూది అంటిన ఒంటితో మోగాను. నా గొంతు నాకే మెత్తగా వినిపించింది.

ఆ నలభై రెండు నిమిషాల్లో ఇంకో తొమ్మిదిమంది కూడా కట్టుకుని పోయారు. పదిమంది, మనిషికి ఐదు వేలు. సంస్థకు యాభై వేలు నష్టం వచ్చిందని పైవాళ్లు లెక్క తేల్చారు. పుట్టని డబ్బు చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లను అప్పుడే చూశాను. ఓబులేసు కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. వెళ్లేటప్పుడు స్టోరువాళ్లు రిజిస్టరు తీసి చూశారు. ఇత్తడి గంట ఒకటి. ఉన్నది ఇనుము. ఇత్తడి ఏదని అతన్నే అడిగి, దాని ఖరీదు ఆఖరి జీతంలో పట్టుకున్నారు. ఎన్నడూ లేని ఇత్తడికి డబ్బు కట్టి అతను మెట్లు దిగిపోయాడు.

నా చోట కరెంటు గంట పెట్టారు. నన్ను స్టోరు వెనక, కాళ్లు విరిగిన కుర్చీల మీద పడేశారు. మళ్లీ వెల్లకిలా, మళ్లీ ఆకాశం. రైలు మాత్రం రాదు.

నిరుడు మాబున్ని సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చింది. వసారాలో నేను లేకపోయేసరికి వెతుక్కుంటూ స్టోరు వెనక్కి వచ్చింది. తీగ పట్టి నన్ను పైకెత్తి, ఒక కుర్చీ చేతికి తగిలించింది.

“మూడు సెమిస్టర్లు నీకు ఫీజు కట్టినా. ఇన్నది ఆ పొద్దు ఒక్కసారే. ఇంగొకసారన్నా ఇననీ” అని, రాయి తీసుకుని కొట్టింది. నడుమ కొట్టింది. నేను మొరటుగా అరిచాను. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే అరుపు. పక్క భవనంలో ఎవరో మేష్టారు పాఠం ఆపేశాడు.

గేటు వైపు నుంచి చెప్పులు ఈడ్చిన చప్పుడు. ఓబులేసు. గేటు బయట ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముతున్నాడట. కొలిచే డబ్బా చేతిలోనే ఉంది.

“ఎవురది, తప్పుగా కొడతాండేది?”

ఆ పిల్లను గుర్తుపట్టాడు. డబ్బా కింద పెట్టి, చెప్పులు విడిచి, తువ్వాలుతో నా దుమ్ము దులిపాడు. రాయి ఉన్న ఆమె చెయ్యి పట్టుకుని నా అంచు వైపు జరిపాడు.

“నడుమ కాదు పాపా. అంచున కొట్టల్ల.”

తాళాలు పడ్డ తర్వాత ఆ గుట్ట మీద ఆమెకు ఎదురుగా నిలబడి ఒకరు చెప్పిన పాఠం అదొక్కటే. ఆమె అంచున కొట్టింది. నా ఒంట్లోకి ముందు సన్నని వణుకు వచ్చింది, తర్వాత వెచ్చదనం.