మొదటి గిన్నెలోని ద్రాక్ష

హిందూపురం బస్టాండు పక్కన గౌస్‌సాబ్, షంషాద్‌బీ దంపతులకు కోసిన పండ్ల బండి ఉంది. బోణీకి ముందు మొదటి గిన్నె నోరులేని జీవికి పెట్టాలన్నది షంషాద్‌బీ నియమం. బొప్పాయి, పుచ్చకాయ, అరటి ముక్కల మీద ఆరు నల్లద్రాక్షలు ఉంచి ఆమె మొగుడికి అందిస్తుంది. ఆయన బండి వెనక ఉండే షేరూ అనే కుక్కకు పెట్టి వస్తాడు.

దారిలో ఆ ఆరు ద్రాక్షలూ ఆయనే తింటాడు. చక్కెర జబ్బు వచ్చినప్పుడు ద్రాక్ష ముట్టనని భార్యకు ఒట్టు వేసి ఏడాదైంది.

ఆ పొద్దున పశువుల డాక్టరు చంద్రమోహన్ పండ్లు తినడానికి వచ్చి, షేరూ నాకుతున్న గిన్నె, బండి మీది నల్లద్రాక్ష చూశాడు.

"ద్రాక్ష గూడా పెట్టినారామ్మా?"

"ఆరు పెట్టినా సార్. దినామూ పెడతా!"

"అయ్యో! ద్రాక్ష కొన్ని కుక్కలకు మూత్రపిండాలు చెడగొడుతుంది. ఎండుద్రాక్షయినా అంతే. వెంటనే సూదేసి కక్కించాల."

షంషాద్‌బీ గుండె పట్టుకుంది. "నా చేత్తోనే విషం పెట్టినానే!" అని ఏడుస్తూ షేరూను ఎత్తి ఆటోలో వేసింది. గౌస్‌సాబ్ జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. చెబితే ద్రాక్ష పోతుంది. చెప్పకపోతే సూది షేరూకు పడుతుంది.

ఆసుపత్రి బల్ల మీద డాక్టరు షేరూ నోరు తెరిచి చూసి సూది తీశాడు. షేరూ వణుకుతూ గౌస్‌సాబ్ చొక్కా అంచు పళ్లతో పట్టుకుంది.

"సూది వద్దు సార్! అది తినలేదు."

"నీకెట్ల తెలుసప్పా?"

గౌస్‌సాబ్ జేబులోంచి నాలుగు ద్రాక్షలు తీసి బల్ల మీద పెట్టాడు. "రెండు తినేసినా. అంతలో మీరొచ్చినారు."

"నిన్న?" అన్నాడు డాక్టరు.

"నిన్న ఆరూ నేనే. మొన్న గూడా."

షంషాద్‌బీ ఏడుపు అలాగే ఆగింది. "ఏడాదంతానా?"

"ఒక్కటన్నా దానికి పెట్టింటే ఒట్టు!"

"నీ ఒట్లు నాకు తెల్దా!" అని ఆమె నవ్వాపుకోలేక షేరూను వాటేసుకుంది.

డాక్టరు కూడా నవ్వి, సూది పక్కన పెట్టాడు. "గింజలు, తొక్క తీసిన పుచ్చకాయ, బొప్పాయి, అరటి నాలుగైదు ముక్కలు చాలు. మామిడి టెంక పెట్టొద్దు. ఆపిల్ గింజలు పెట్టొద్దు."

మర్నాటి నుంచి పుచ్చకాయ గింజలు ఏరే పని గౌస్‌సాబ్‌దే. గిన్నె పెట్టి తిరిగి రాగానే షంషాద్‌బీ చేతిలోని కత్తి పక్కన పెడుతుంది.

"ఏదీ, నోరు తెరువు. నాలుక చూపీ."

షేరూ తోక ఊపుతూ పక్కన నిలబడి చూస్తుంది.