ఉప్పు చూసే మనిషి

గరిట అంచున నిలిచిన కూర చుక్కను అరచేతిలో వేసుకుని చిన్నకోడలు నాలుకకు రాసుకుంది. వేడి తెలిసింది. మెత్తదనం తెలిసింది. అంతే. ఉప్పు లేదు, కారం లేదు, పులుపు లేదు. కాచిన నీళ్ళు తాగినట్టుంది.

పొయ్యిల దగ్గర వంటకు సాయం చేసే పొడుగావిడ, పొట్టావిడ చేతులు ఆపి ఆమె మొహం వంకే చూస్తున్నారు.

"సరిపోయిందామ్మా?"

"ఆఁ, సరిపోయింది. దించెయ్యండి."

అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆమెకు ఈమధ్యే తెలిసింది. జ్వరం వచ్చింది, పోయింది. పోతూ పోతూ రుచినీ వాసననీ మూటగట్టుకు పోయింది. ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే వస్తాయిలే అనుకుంది. రాలేదు. చెప్పడానికి నోరు రాలేదు. ఆఫీసులకు భోజనం డబ్బాలు పంపే ఈ వంటశాలకు పేరు తెచ్చింది ఆమె చేతి రుచి. ఆ చేతికి దారి చూపించే నాలుకే మొద్దుబారిందంటే ఎవరు తింటారు? చూపు పోయిన మంగలి కత్తి కింద తల వంచేదెవరు?

పైగా ఇవాళ మామూలు రోజు కాదు. కొత్తగా కట్టిన పెద్ద ఆఫీసు మేనేజరు మధ్యాహ్నం వచ్చి, ఇక్కడే తిని చూస్తానన్నాడు. నచ్చితే ఆ ఆఫీసు మొత్తానికి భోజనం ఇక్కణ్నుంచే. ఆ ధైర్యంతోనే పక్కగది కూడా అద్దెకు తీసుకుని పెద్ద పొయ్యిలు పెట్టించింది. ఆర్డరు రాకపోతే కొత్త పొయ్యిలతో పాటు పాతవీ అమ్ముకోవలసిందే. వ్యాపారం చేసేవాళ్ళకు తెగువ ఉండాలని అందరూ అంటారు. తెగువకు ఆమెకేం కొదవ లేదు.

గుండెల్లో రాయి నిన్న సాయంత్రమే పడింది. ఆఫీసులకు పంపిన డబ్బాలు తిరిగొస్తే ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూడటం ఆమెకు అలవాటు. ఖాళీ డబ్బా బరువు చేతికి తెలుసు. నిన్న ఎత్తినవన్నీ మణికట్టును కిందికి లాగాయి. వ్యాను డ్రైవరు తల గోక్కుంటూ, "ఎండలకి జనం సరిగ్గా తినట్లేదనుకుంటానమ్మా" అన్నాడు. అతను మంచివాడు. మంచివాళ్ళతోనే వచ్చింది చిక్కు.

భర్త తయారై బయటికి వెళ్ళబోతున్నాడు. ఆమె చెంచాతో కూర పట్టుకెళ్ళి నోటికి అందించింది. 

"ఎలా ఉందో నిజం చెప్పండి."

"బ్రహ్మాండం!"

"మింగకుండానే?"

"నీ చేతి వంటకి మింగి చూడాలా ఏంటి?" అని నవ్వి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో మాడిన రొట్టెనీ ఆయన బ్రహ్మాండమనే తిన్నాడు. అప్పుడు ముద్దొచ్చిన మాట ఇప్పుడు ఎందుకూ పనికిరాలేదు.

వెనక్కి వచ్చి పొడుగావిడను అడిగింది. "నువ్వు చూడు, పప్పు ఎలా ఉందో."

పొడుగావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీరు చూశాక మళ్ళీ మేమెందుకమ్మా?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఒకప్పుడు ఈ పొడుగావిడే, కూర పులిసినట్టుందమ్మా అని నెమ్మదిగా అంటే, "తాతకు దగ్గులు నేర్పకు" అని అందరి ముందూ కసిరింది తనే. ఆ తర్వాత ఈ వంటింట్లో ఒక్క వంక వినబడలేదు. అంతా బాగుందనే అనుకుంది.

వంక పెట్టే మనిషి ఒక్కరే మిగిలారు. ఆ మనిషి పైవాటాలో ఉంటుంది.

పెద్దకోడలికి ఈ వంటశాల ప్రారంభం రోజునే చిన్నకోడలితో మాటలు తెగాయి. పదిమంది ముందు ముద్ద నోట్లో పెట్టుకుని, "కూరలో నూనె ఈత కొడుతోందే" అంది. "మీ నోరు మంచిది కాదక్కా" అని చిన్నకోడలు అనేసింది. అప్పట్నుంచీ మెట్ల మీద ఎదురైతే తలలు ఊగుతాయి, పెదవులు కదలవు.

చిన్నకోడలు రెండు గిన్నెలు చీరకొంగు కింద పెట్టుకుని మెట్లెక్కింది. మేనేజరు వచ్చే వేళవుతోంది.

పెద్దకోడలు కిటికీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు. "దారి తప్పి వచ్చావా?"

"ఒక్కసారి రుచి చూడండక్కా."

"నా నోరు మంచిది కాదుగా."

"అందుకే వచ్చాను."

కత్తి ఆగింది. పెద్దకోడలు చెయ్యి తుడుచుకుని కూర నోట్లో వేసుకుంది. మొహం చిట్లించింది. "ఉప్పు నువ్వూ వేశావు, వాళ్ళూ వేశారు. ఇంకెవరైనా దారినపోయేవాళ్ళు వేశారా?" పప్పు గిన్నె ముక్కు దాకా తెచ్చి, నోట్లో పెట్టుకోకుండానే దించేసింది. "అడుగంటింది. వీధి చివరి దాకా వాసన. నీకు తెలీలేదూ?"

పెద్దకోడలు తరిగిన ఉల్లిపాయల పళ్ళెం చిన్నకోడలి మొహం దగ్గరికి జరిపింది. ఆ ఘాటుకు ఆమె ముక్కు కూడా ముడవలేదు.

"ఎప్పట్నుంచే?"

"జ్వరం వచ్చినప్పట్నుంచి. ఎవరికీ చెప్పలేదక్కా. మీరు చెప్పేస్తే..."

"నేనెందుకు చెప్తాను? నాతో మాట్లాడేదెవరు?" పెద్దకోడలు లేచి కొంగు బిగించింది. "మీ బావగారి కుర్చీల కొట్టు ఎందుకు మూతపడిందనుకున్నావ్? కుర్చీ ఊగుతోందని నేనొక్కదాన్నే అన్నాను. వచ్చినవాళ్ళంతా ఊగుతూనే బాగుందన్నారు. ఆయన నామీద అలిగి కూర్చున్నారు. ఊగే కుర్చీలోనే! పద, పద."

కిందికి దిగిన పెద్దకోడలు గరిట అందుకుంది. కూరలో ఉడికించిన దుంపలు చిదిమి కలిపింది, నీళ్ళు పోయించింది, మళ్ళీ మరిగించింది. పొట్టావిడ మూతి ముడుచుకుంది. పప్పు దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగారు. మళ్ళీ వండే వేళ లేదు.

"పైపైన తీసి, నిమ్మరసం పిండితే తెలీదేమో" అంది చిన్నకోడలు. తన మాట తనకే సన్నగా వినబడింది.

"తెలుస్తుందమ్మా." అన్నది పెద్దకోడలు కాదు, పొడుగావిడ. "పొద్దున దించినప్పుడే అనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

అడిగిన చిన్నకోడలితో సహా జవాబు అందరికీ తెలిసిందే.

"పారబొయ్యండి" అంది చిన్నకోడలు. డ్రైవరును పిలిచి, ఇవాళ డబ్బాల్లో పప్పు ఉండదని, తప్పు మాదేనని ప్రతి ఆఫీసులోనూ చెప్పమంది.

మేనేజరు చెప్పిన వేళకే వచ్చాడు. మితభాషి. బల్ల మీద అన్నం, కూర, మజ్జిగ. ఆయన ఒక ముద్ద తిన్నాడు, రెండో ముద్ద తిన్నాడు. ఆ మొహంలో ఏ సంగతీ లేదు.

"పప్పు కూడా ఉంటుందన్నారు?"

"అడుగంటిందండీ. పారబోశాం."

ఆయన తలూపాడు. "కూర బాగుంది. రోజూ ఇలాగే ఉంటుందా?"

నేనున్నానుగా అనడం ఆమెకు అలవాటు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది. వంటింటి గుమ్మంలో పెద్దకోడలు నిలబడి ఉంది, వెనకాల పొడుగావిడ.

"జ్వరం వచ్చి నాకు రుచి తెలియడం లేదండీ. నిన్న పంపినవి బాగాలేవు, డబ్బాలు సగం సగం తిరిగొచ్చాయి. ఇవాళ్టి కూర మా అక్క సరిచేసింది. రేపట్నుంచి ముగ్గురు చూశాకే గిన్నె దించుతాం."

మేనేజరు చెయ్యి గాల్లో ఆగింది. బయట వ్యాను తలుపు పడిన చప్పుడు. చెప్పి ఉండకూడదేమో, ఇంకాసేపు ఆగి ఉంటే ఆయనే సరేననేవాడేమో అని ఆమెకు అనిపించింది.

"మావాళ్ళను అడిగి సోమవారం చెప్తాను" అన్నాడాయన. అని, గరిట తనే అందుకుని మరికాస్త కూర వేసుకున్నాడు.

ఆయన వెళ్ళాక చిన్నకోడలు కుర్చీలో కూలబడింది. "సోమవారమంటే కాదనడమేనా అక్కా?"

"నాకేం తెలుసు, నేను మేనేజర్నా? పళ్ళెం అంచు తుడవకుండా పెట్టావు, అది మాత్రం తెలుసు."

చిన్నకోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "రేపు ఎన్నింటికి దిగుతారు?"

"నువ్వు ఉప్పు వేసే ముందు" అంటూ పెద్దకోడలు మెట్లెక్కింది.

సాయంత్రం వ్యాను వచ్చింది. చిన్నకోడలు మొదటి డబ్బా మీద చెయ్యి వేసి, ఎత్తడానికి కాసేపు భయపడింది. తర్వాత పొడుగావిడను పిలిచింది.

"నువ్వెత్తి చూడు. ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పు."